మెయిల్స్ వస్తున్నాయి, వెళ్లట్లేదా? – మేనకోడలికి ఉత్తరం

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. 20వ తేదీ మీద పడుతోంది, క్లయింట్లకు జీఎస్టీ కాగితాలు పంపాలి, నువ్వు మెయిల్స్ చూసుకునే ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ ఏమో, వచ్చే మెయిల్స్ తెస్తూనే, పంపబోతే పాస్‌వర్డ్ తప్పంటోంది. అదే పాస్‌వర్డ్ బ్రౌజర్లో కొడితే జీమెయిల్ చక్కగా తెరుచుకుంటోంది. ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది రాస్తున్నాను, కంప్యూటర్ ముందు కూర్చుని నిదానంగా చదువు.

అన్నిటికంటే ముందు ఒక మాట. విసుగొచ్చి అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టుకుందాం అనుకోకు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అదే పని చేశాను. అప్పట్లో మా ఆఫీసులో మెయిల్స్ పాప్ పద్ధతిలో వచ్చేవి. కంప్యూటర్లోకి దిగిన మెయిల్ సర్వర్లో ఉండేది కాదు. మెసేజ్‌లు కూడా తొలగించాలా అని అడిగితే చదవకుండా ఓకే నొక్కాను. మూడేళ్ల ఉత్తర ప్రత్యుత్తరాలు పోయాయి. పోయినవి మళ్లీ రాలేదు. నీకైతే ఐమ్యాప్ కాబట్టి మెయిల్స్ సర్వర్లోనే ఉంటాయి, కానీ 'లోకల్ ఫోల్డర్స్'లోకి జరిపినవి నీ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా ఉండవు. ఏది ముట్టుకునే ముందైనా ప్రొఫైల్ ఫోల్డర్ (థండర్‌బర్డ్ నీ మెయిల్స్, సెట్టింగ్స్ దాచుకునే చోటు) మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో.

ఇక అసలు విషయం. మెయిల్ రావడం, వెళ్లడం ఒకే పని అనుకుంటున్నావు, అక్కడే తికమక. పోస్ట్‌మాన్ ఇంటికి ఉత్తరం తెచ్చివ్వడం వేరు, మనం వెళ్లి పోస్టు డబ్బాలో వేసి రావడం వేరు కదా. ఇదీ అంతే. తెచ్చేది ఐమ్యాప్ సర్వర్, దాని పోర్టు, అంటే తలుపు నంబర్ లాంటిది, 993. తీసుకెళ్లేది ఎస్ఎంటీపీ సర్వర్, దాని పోర్టు 465 లేదా 587. రెండింటి సెట్టింగ్స్ వేరు, లాగిన్ వేరు. ఒకటి సరిగ్గా ఉండి రెండోది పాతబడి ఉండొచ్చు. నీకు మెయిల్స్ వస్తున్నాయంటే మొదటిది బాగానే ఉంది. దాని జోలికి వెళ్లకు.

పాస్‌వర్డ్ సరైనదే అయినా ఎందుకు ఒప్పుకోవట్లేదని అడిగావు. మామూలు జీమెయిల్ అకౌంట్లకు ఉత్త పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాములు లాగిన్ అవడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపేసింది. ఇప్పుడు కావాల్సింది ఓఆత్2 అనే పద్ధతి. అంటే పాస్‌వర్డ్‌ను ప్రోగ్రామ్‌కి ఇవ్వం, గూగుల్ కిటికీలోనే కొట్టి 'అనుమతిస్తున్నాను' అంటాం. నీ కంప్యూటర్లో వచ్చే వైపు ఎవరో ఇలా మార్చి, వెళ్లే వైపు మర్చిపోయి ఉంటారని నా అనుమానం. ఇది చాలా చోట్ల చూశాను.

అకౌంట్ సెట్టింగ్స్ తెరిచి, ఎడమ వైపు అట్టడుగుకు వెళ్లు. 'అవుట్‌గోయింగ్ సర్వర్' అని విడిగా ఉంటుంది. అకౌంట్ పేరు కింద ఉండే 'సర్వర్ సెట్టింగ్స్'లో వెతికితే కనపడదు, అందుకే నీకు దొరకలేదు. ఎడిట్ నొక్కు. యూజర్‌నేమ్‌లో మెయిల్ అడ్రస్ పూర్తిగా ఉందా చూడు. ఆథెంటికేషన్ దగ్గర 'నార్మల్ పాస్‌వర్డ్' అని ఉంటే ఓఆత్2కి మార్చు. 'కనెక్షన్ సెక్యూరిటీ' దగ్గర, పోర్టు 465 అయితే ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్, 587 అయితే స్టార్ట్‌టీఎల్ఎస్ పెట్టాలి. ఈ జంటలు తారుమారైతే పాస్‌వర్డ్ దాకా కూడా వెళ్లదు, తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతుంది. తర్వాత నీకు నువ్వే ఒక మెయిల్ పంపుకో. గూగుల్ కిటికీ వస్తుంది. లాగిన్ ముందుకు సాగకపోతే థండర్‌బర్డ్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో కుకీలు (వెబ్‌సైట్లు మన కంప్యూటర్లో దాచుకునే చిన్న గుర్తులు) ఆపేసి ఉన్నాయేమో చూడు.

మీ ఆఫీసు స్కానర్ నుంచి నేరుగా మెయిల్ వెళ్లాలంటే దానికి ఓఆత్2 లేకపోవచ్చు. అప్పుడు గూగుల్ అకౌంట్లో టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు రెండో తనిఖీ) ఆన్ చేసి, అలాంటి పరికరాల కోసం గూగుల్ విడిగా ఇచ్చే 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. ఒకటి గుర్తుంచుకో, గూగుల్ పాస్‌వర్డ్ మార్చిన రోజున యాప్ పాస్‌వర్డ్‌లన్నీ రద్దవుతాయి. మీ సార్ పాస్‌వర్డ్ మార్చిన మర్నాడు స్కానర్ మొరాయిస్తే కారణం అదే.

ఎర్రర్ బాక్స్ రాగానే మూసేయకు తల్లీ. అందులో ఉన్న అంకె చూడు. 535 అంటే లాగిన్ గొడవ. 552 అంటే చాలావరకు ఫైలు బరువు. జీమెయిల్ హద్దు 25 ఎంబీ, పైగా అటాచ్‌మెంట్ మెయిల్లోకి ఎక్కేటప్పుడు దాదాపు మూడో వంతు పెరుగుతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు 18 ఎంబీ దాటాయంటే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపడం మేలు. 'టైమ్డ్ అవుట్' అని వస్తే అసలు సర్వర్ దాకా వెళ్లలేదన్నమాట. నీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి చూడు. దాంతో వెళ్తే లోపం ఆఫీసు నెట్‌లో ఉంది, పాస్‌వర్డ్ మార్చి లాభం లేదు. సర్టిఫికెట్ అంటూ ఏదైనా వస్తే కంప్యూటర్ తేదీ సరిగ్గా ఉందో లేదో చూడు. పాత మెషీన్లలో చిన్న బ్యాటరీ అయిపోతే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది.

ఇంకొకటి, 'మెయిల్ వెళ్లింది కానీ సెంట్ ఫోల్డర్లో కాపీ పెట్టలేకపోయాం' అని వస్తే మళ్లీ పంపకు. అది ఇప్పటికే వెళ్లిపోయింది. క్లయింటుకు ఒకే కాగితం మూడుసార్లు వెళ్తే ఏది అసలుదో అని కంగారు పడతాడు.

ఈ పూట అర్జెంటైనవి బ్రౌజర్లోంచే పంపెయ్, టెన్షన్ పడకు. సాయంత్రం ఆఫీసు ఖాళీ అయ్యాక సెట్టింగ్స్ చూసుకో. అప్పటికీ వెళ్లకపోతే అవుట్‌గోయింగ్ సర్వర్ పేజీ, ఎర్రర్ బాక్సు రెండూ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు. పాస్‌వర్డ్ మాత్రం నాకు కూడా పంపొద్దు. రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను.

మీ అత్త