టెక్ సందేహాలు: పుట్టీ పెట్టే ముందు ఆ లైటు దించి చూడండి

ప్రశ్న: మాది విజయనగరం కంటోన్మెంట్. రెండు నెలల కిందట బాత్రూంకి జిప్సం ఫాల్స్ సీలింగ్ వేయించి నాలుగు కన్సీల్డ్ లైట్లు పెట్టించాం. ఎలక్ట్రీషియన్ రంధ్రాలు పెద్దవిగా కోసేశాడు. లైటు అట్టపెట్టె మీద కటౌట్ (సీలింగ్‌లో కోయాల్సిన రంధ్రం) 105 మి.మీ. అని ఉంది. షవర్ మీద ఉన్న రంధ్రాన్ని టేపుతో కొలిస్తే అడ్డంగా 118, నిలువుగా 124 వచ్చింది. లైటు అంచు 120 మాత్రమే కావడంతో ఒకవైపు నెలవంకలా నల్లటి సందు కనిపిస్తోంది. ఇంకో లైటు ఒక పక్కకి వేలాడుతోంది. మూడోది మిగతా వాటితో వరసలో లేదు. నాలుగోది బాగానే కూర్చుంది గానీ స్విచ్ ఆపేసినా రాత్రంతా సన్నగా వెలుగుతూనే ఉంటోంది. అడిగితే “ఏటీ అవదమ్మా, చుట్టూ పుట్టీ పెట్టేస్తే సరిపోద్ది” అంటున్నాడు. సిరిమాను పండగకి చుట్టాలొస్తారు. పుట్టీ పెట్టించేయమంటారా?
— ఒక పాఠకురాలు

జవాబు: వద్దండి, ఇప్పుడే వద్దు. మీకు నెలవంక సందు ఎక్కువ బాధగా ఉన్నట్టుంది. మీ ఉత్తరం చదివాక నాకు మాత్రం ఆపినా వెలిగే ఆ నాలుగో లైటే టెన్షన్ పెట్టింది. ముందు దాని సంగతి చూద్దాం.

ఎల్‌ఈడీ లైటు స్విచ్ ఆపాక కూడా మినుకుమంటోందంటే సాధారణంగా మూడు కారణాలుంటాయి. స్విచ్‌లో చిన్న ఎర్ర ఇండికేటర్ ఉంటే, అందులోంచి పారే కాస్త కరెంటే ఎల్‌ఈడీని సన్నగా వెలిగించడానికి చాలు. ఒకే పైపులో పక్కపక్కనే చాలా దూరం వెళ్ళే వైర్ల వల్ల కూడా ఇలా జరుగుతుంది. ఈ రెండిటికీ అంతగా భయపడక్కర్లేదు. మూడోది మాత్రం తప్పుడు పని. కరెంటు తెచ్చే ఫేజ్ వైరు మీద ఉండాల్సిన స్విచ్‌ని, అది తిరిగి వెళ్ళే న్యూట్రల్ మీద పెట్టేస్తారు. అప్పుడు స్విచ్ ఆపితే లైటు దాదాపు ఆరినట్టే ఉంటుంది గానీ, పైన లైటు దాకా 230 వోల్టులు వచ్చి ఉంటాయి. స్విచ్ ఆపాం కదా అని స్టూలెక్కి లైటు విప్పేవాళ్ళకి షాక్ కొట్టేది ఇలాంటి చోటే.

మీ స్విచ్‌లో ఇండికేటర్ లేకపోతే, ఎలక్ట్రీషియన్ చేత బోర్డు విప్పించి, స్విచ్‌కి వచ్చింది ఫేజా న్యూట్రలా అని మీ కళ్ళముందే చూపించమనండి. మన ఇళ్ళలో ఫేజ్ ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో ఏదో ఒకటి ఉండాలి. న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. కానీ రంగు చూసి నమ్మేయకండి. చేతికి అందిన వైరు ముక్కతో పని కానిచ్చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు. టెస్టర్ పెట్టి చూడాల్సిందే.

ఇక సందు విషయం. అది చూడ్డానికి బాగోకపోవడంతో ఆగదు. వేడినీళ్ళ స్నానం చేసినప్పుడల్లా ఆవిరి పైకి లేచి, ఆ సందులోంచి సీలింగ్ వెనక్కి వెళ్తుంది. లైటు డ్రైవరు (ఎల్‌ఈడీకి తగ్గట్టు కరెంటుని మార్చి ఇచ్చే చిన్న డబ్బా), వైర్ల జాయింటు ఉండేది అక్కడే. లైటు మీద ఐపీ44, ఐపీ65 లాంటి అంకె రాసి ఉంటుంది. అందులో మొదటి అంకె దుమ్ము లోపలికి పోకుండా ఎంత ఆపుతుందో, రెండోది నీటిని ఎంత ఆపుతుందో చెబుతుంది. స్నానం చేసే చోట నేల నుంచి 2.25 మీటర్ల ఎత్తు దాకా రెండో అంకె 4 కంటే తక్కువ ఉండకూడదని అంతర్జాతీయ వైరింగ్ ప్రమాణం చెబుతుంది. ఫాల్స్ సీలింగ్ దించాక చాలా బాత్రూముల్లో లైటు ఇంచుమించు ఆ ఎత్తుకే వస్తుంది కాబట్టి షవర్ మీదికి ఐపీ65 కొనమంటాను. ఇందులో ఒక మెలిక ఉంది. చాలా లైట్లకి ఆ అంకె కింది నుంచి కనిపించే ముఖానికే వర్తిస్తుంది. వెనక డ్రైవరుకి ఆ రక్షణ ఉండకపోవచ్చు. రంధ్రం సరిగ్గా మూసుకుంటేనే ఆ లెక్క నిలుస్తుంది. సందు ఉంటే ఐపీ65 అని డబ్బు పెట్టి కొన్నా ఫలితం సగమే.

ఇది నేను మా ఇంట్లోనే చూశాను. వానాకాలంలో బాత్రూం లైటు మినుకుమంటుంటే కిందికి దించాను. రెండు వైర్లు మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు. కనెక్టర్ లేదు. ఆ తేమకి టేపు జిగురు బెల్లం పాకంలా కరిగి, టేపు వైరు మీద అర అంగుళం జారిపోయి ఉంది. బయటపడ్డ రాగి తీగ ఆకుపచ్చగా చిలుము పట్టింది. ఎర్త్ వైరుని లైటుకి కలపకుండా చివర మడిచి లోపలికి తోసేశారు. కింద నిలబడి చూస్తే ఇవేవీ కనిపించవు. లైటు చుట్టూ అందంగా పుట్టీ పెట్టి రంగేసి ఉంది. ఆ రోజు నుంచీ ఎవరు అడిగినా, ఏ లైటు చుట్టూ అయినా పుట్టీ పెట్టే ముందు దాన్ని దించి చూడమనే చెబుతున్నాను. ఒకసారి పుట్టీయో సిలికానో పెట్టి అంటించేశాక డ్రైవరు పోతే సీలింగ్ పగలగొట్టడమే గతి.

దించే ముందు లైట్ల ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ లైనుని ఆపే స్విచ్) ఆపండి, ఇన్వర్టర్ కూడా ఆపండి. ఇది మరీ మరీ చెబుతున్నాను. ఇన్వర్టర్ ఉన్న ఇళ్ళలో బాత్రూం లైట్లు చాలావరకు ఆ లైను మీదే ఉంటాయి. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ అందుకుని అదే వైరులోకి కరెంటు పంపుతుంది. రెండూ ఆపాక టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. ఆ టెస్టర్‌ని కూడా ముందు కరెంటు ఉన్న సాకెట్‌లో పెట్టి పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. స్ప్రింగ్ క్లిప్పులు గట్టిగా కొడతాయి, వేళ్ళు జాగ్రత్త. ఈ పని అలవాటు లేకపోతే మీరు చెయ్యకండి. ఎలక్ట్రీషియన్ దించుతుంటే పక్కన నిలబడి ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి.

దించాక చూడాల్సినవి ఇవి. జాయింటు టేపుతో కాకుండా కనెక్టర్‌తో, వీలైతే మూత ఉన్న చిన్న డబ్బాలో ఉండాలి. లైటు మీద చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే దానికి ఎర్త్ అక్కర్లేదు. ఆ గుర్తు లేని లోహపు బాడీ లైటుకి ఎర్త్ తప్పనిసరి. డ్రైవరు సీలింగ్ బోర్డు మీద విడిగా, గాలి తగిలేలా ఉండాలి, తడి గోడకి ఆనకూడదు.

రంధ్రాల్లో అన్నిటికీ ఒకే మందు లేదు. షవర్ మీద రంధ్రం ఇప్పటికే 124కి చేరింది కాబట్టి, 125 నుంచి 150 మి.మీ. మధ్య కటౌట్ ఉన్న ఐపీ65 లైటు కొనడం తేలిక. అయితే అప్పటికే ఉన్న రంధ్రంలో హోల్ కట్టర్ పెడితే మధ్యలో పట్టు దొరక్క తిరిగి వంకర పోతుంది. ఒక ప్లైవుడ్ ముక్కలో కొత్త సైజు రంధ్రం కోసి, దాన్ని సీలింగ్‌కి ఆనించి పట్టుకుని, ఆ అంచు వెంట కట్టర్ తిప్పమనండి. వేలాడే లైటుకి ముందు క్లిప్పులు వంగాయేమో చూడండి. క్లిప్పులు బాగుండి రంధ్రమే పెద్దదైతే దానికీ ఇదే సైజు లైటు వేయించండి. నా మాట వింటే నాలుగూ ఒకే రకం మార్చేయండి. పాతవి వరండాలో పనికొస్తాయి. క్లిప్పులు అటూ ఇటూ జరిపే ‘అడ్జస్టబుల్ కటౌట్’ ప్యానెల్ లైట్లు దొరుకుతాయి, చాలా సైజుల రంధ్రాల్లో కూర్చుంటాయి గానీ, వాటిలో చాలావాటికి నీటి రక్షణ ఉండదు. షవర్ మీదికి వద్దు.

వరస తప్పినదాన్ని లైటు మార్చి సరిచెయ్యలేం. ఆ రంధ్రం చుట్టూ చతురస్రంగా కోసి, వెనక పట్టీ బిగించి, తేమని తట్టుకునే ఆకుపచ్చ జిప్సం బోర్డు ముక్క స్క్రూలతో కూర్చోబెట్టాలి. అంచులకి జాయింట్ టేపు వేసి, అప్పుడు పుట్టీ పెట్టాలి. పూర్తిగా ఆరాక కొత్త రంధ్రం కోయాలి. మీ ఎలక్ట్రీషియన్ చెప్పిన పుట్టీకి చోటు ఇక్కడ.

ఇంత చేస్తున్నప్పుడు మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో కూడా చూడండి. ఎంసీబీ ఉంది కదా అనుకుంటారు. 6 ఆంపియర్ల ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. మనిషి ఒంట్లోంచి పోయే కరెంటుకి అది కదలదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఎంసీబీ మీద రాసినదానిలో 200వ వంతు కరెంటు దారి తప్పినా లైను కట్టేస్తుంది. దాని మీద ‘టి’ అక్షరంతో చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే ఠక్కున పడిపోవాలి. పడకపోతే మార్చండి.

ఆ ఎలక్ట్రీషియన్‌ని మళ్ళీ పిలవడానికి మొహమాటపడకండి. కొలతల టేపు పక్కన పెట్టి తీసిన ఫొటోలు చూపించి, ఏం కావాలో నెమ్మదిగా చెప్పండి. తప్పు చూపిస్తే సరిచేసేవాళ్ళే ఎక్కువ. బాకీ డబ్బు ఏమైనా ఉంటే పని అయ్యాకే ఇవ్వండి. కాంట్రాక్టు మాట్లాడి, డబ్బు తీసుకుని రానంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు. పండగ లోపు పని కాకపోతే ఆ లైట్ల లైను ఆపేసి, తలుపు బయట ఒక ఛార్జింగ్ లైటు తగిలించండి. చుట్టాలు ఏమీ అనుకోరు.

ప్రశ్న: శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డు దగ్గర ఉంటాం. మా మావయ్యగారికి ఎనభై ఏళ్ళు. ఆయన కోసం బాత్రూంలో మోషన్ సెన్సర్ లైటు పెట్టించాం. స్నానం మధ్యలో ఆరిపోతోంది. లైటు పాడైందా?
— ఒక పాఠకురాలు

జవాబు: పాడవలేదండి. ఈ సెన్సర్లలో ఎక్కువ భాగం మనిషి ఒంటి వేడి కదిలితే పసిగట్టేవి. షవర్ చుట్టూ అద్దం ఉంటే ఆ వేడి అద్దం దాటి రాదు. గది వేడి ఆవిరితో నిండితే ఒంటికీ గాలికీ తేడా తగ్గిపోతుంది. ఆయన కుర్చీలో కదలకుండా కూర్చున్నా ఎవరూ లేరనుకుని ఆరిపోతుంది. సెన్సర్ మీద టైమ్ మీట ఉంటే దాన్ని 10 నిమిషాలకి పెంచండి. మైక్రోవేవ్ రకం సెన్సర్ పలచటి ప్లాస్టిక్, చెక్క దాటి కూడా కదలిక పట్టుకుంటుంది గానీ, తలుపు బయట ఎవరు నడిచినా వెలుగుతుంది.

అసలు పెద్దాయన స్నానం చేసే లైటు సెన్సర్ మీద ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. తడి నేల మీద ఒక్కసారిగా చీకటైతే ఆయన పడిపోతారు. మెయిన్ లైటుని మామూలు స్విచ్‌కి మార్చించండి. సెన్సర్‌ని రాత్రి లేచినప్పుడు దారి చూపే చిన్న లైటుకి పెట్టించండి, మంచం నుంచి బాత్రూం దాకా.

ప్రశ్న: కొత్త సీలింగ్ లైటు కింద ఫోన్‌తో వీడియో తీస్తే నల్లచారలు పాకుతున్నాయి. ఫోన్‌లో లోపమా?
— ఆమదాలవలస నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫోన్ బాగానే ఉంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటు వెళ్ళి ఇటు వస్తుంది, ఒక్కోసారికి రెండుసార్లు తగ్గుతుంది కాబట్టి నాసిరకం డ్రైవరు ఉన్న ఎల్‌ఈడీ సెకనుకి 100 సార్లు తగ్గి పెరుగుతుంది. కంటికి తెలియదు గానీ కెమెరా గీత గీతగా బొమ్మ తీస్తుంది కాబట్టి చారలు పడతాయి. షాపులో కొనేటప్పుడే లైటు వెలిగించి స్లో మోషన్ వీడియో తీసి చూడండి. చారలు గట్టిగా కనిపిస్తే ఇంకో రకం అడగండి. చదువుకునే గదిలోకైతే ఈ పరీక్ష చెయ్యకుండా కొనొద్దు.