ఫెంటన్ గాజు కొనేముందు అడుగుభాగం చూడు

చి. శైలజకు పిన్ని ఆశీస్సులు.

ఇంటి పాత సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేళ్లలో, అమెరికా కంపెనీ ఫెంటన్ చేసిన గాజు బుట్టలు కొనాలనుందని రాశావు. రంగు చూసి మురిసిపోయి ధర ఒప్పుకోకు. ముందు తిరగేసి అడుగు చూడు.

ఫెంటన్ వాళ్లు 1905లో ఒహాయోలోని మార్టిన్స్ ఫెర్రీలో ఇతరుల గాజు మీద రంగులు వేయడంతో మొదలుపెట్టారు. సొంత కొలిమి 1907లో, వెస్ట్ వర్జీనియాలోని విలియమ్స్‌టౌన్‌లో. కానీ గాజులోనే పేరు అచ్చుపోయడం 1970లో కార్నివాల్ అనే రంగులు మారే మెరుపు గాజుతో మొదలై, కొన్నేళ్లలో మిగతా సరుకుకీ వచ్చింది. అంతకుముందు అంటించినవి చీటీలే. కాబట్టి కోడిగుడ్డు ఆకారపు గీతలో ఫెంటన్ పేరుంటే అది 1970కి ముందుది కానే కాదు. పేరు కింద చిన్న 8 ఉంటే 1980లు, 9 అయితే 1990లు, సున్నా అయితే 2000 తర్వాత. అంకె లేకపోతే 70లు. గుడ్డులో వంపు తిరిగిన ఎఫ్ అక్షరం ఒక్కటే కనిపిస్తే, వేరే కంపెనీల దగ్గర కొన్న అచ్చులతో 1983 నుంచి పోసినది. నమూనా పాతదే, గాజు మాత్రం కొత్తది.

గుర్తు కనబడలేదని వెంటనే పాతదనుకోకు. అచ్చులోంచి తీశాక నునుపు కోసం మళ్లీ మంటకు చూపిస్తారు, అక్కడే అక్షరాలు కరిగి మసకబారతాయి. టార్చి ఏటవాలుగా వేసి వేలితో తడిమి చూడు. ఒక్కచోటే పల్లంగా, మెరుపు లేకుండా ఉంటే ఎవరో సానబట్టి చెరిపేసినట్టే. అది ఎంత చవకైనా వదిలెయ్.

ఇక అరుగుదల. 10 రెట్ల భూతద్దం చాలు. నిజంగా వాడిన ముక్కకు బల్లకు ఆనే అంచు మీదే గీతలుంటాయి, తలో దిక్కుకీ, కొన్ని లోతుగా, కొన్ని పైపైన. గరుకు కాగితంతో రుద్దిన మోసంలో గీతలన్నీ ఒకే వైపుకి పోతాయి, బల్లకు ఆనని చోట కూడా కనిపిస్తాయి. అద్దాల బీరువాలో కూర్చున్న పాతదానికి గీతలు పెద్దగా ఉండవు, అది గుర్తుంచుకో.

బుట్ట పిడి అతికిన చోట చిన్న ముద్ర వెతుకు. అది పిడి వేసిన పనివాడి గుర్తు, 1950ల నడిమి నుంచి వేసేవారు. చేత్తో వేసిన పూలు, అడుగున చిత్రకారుల సంతకం రెండూ ఉంటే 1968లో లూయీస్ పైపర్ అనే చిత్రకారిణి ఫెంటన్‌కి వచ్చాక చేసినది.

అతినీలలోహిత టార్చి కింద పచ్చగా వెలిగిందని అమ్మేవాళ్లు ఊరిస్తారు. యురేనియం ఉందని తప్ప దాంతో ఏమీ తేలదు. ఫెంటన్ 1970లో మొదలుపెట్టిన బర్మీస్ అనే పసుపు-గులాబీ గాజు కూడా వెలుగుతుంది. చీటీని ఒక ముక్క మీంచి ఊడదీసి ఇంకోదానికి అంటించొచ్చు, దానికి పైసా ఎక్కువివ్వకు. బొడిపెల తెల్ల హాబ్‌నెయిల్ గుర్తు లేకుండా కుప్పలుగా దొరుకుతుంది, తొందరేం లేదు.

నచ్చింది కనబడితే అడుగు ఫోటో, ఎత్తు, నోటి వెడల్పు అంగుళాల్లో పంపు. 1952 జూలై నుంచి ప్రతి వస్తువుకీ నాలుగంకెల నంబరు, రంగుకి రెండక్షరాల కోడ్ ఉన్నాయి. పాత కేటలాగుల్లో ఏయే ఏళ్లలో అమ్మారో చూసి చెప్తాను.

పిన్ని