కొలువు దొరికింది సరే, ముందు ఇంటి లెక్క చూపించు

నల్లగొండ

చిరంజీవి చెల్లెలికి అన్నయ్య ఆశీస్సులు.

మేనల్లుడికి హైదరాబాద్‌లో ఉద్యోగం ఖాయమైందని నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి ఇక్కడ అందరం సంతోషంగా ఉన్నాం. వెళ్లేలోపు వాడికి నాలుగు మంచి మాటలు చెప్పమన్నావు. చెబుతాను. కానీ ఇది మాటలతో అయ్యే పని కాదు. వాడు ఇంకొన్నాళ్లు మీ కళ్ల ముందే ఉంటాడు కదా, ఈలోగా నువ్వూ బావా చేయవలసినవి కొన్ని ఉన్నాయి.

ఇంటి లెక్కలు వాడి ముందు పెట్టండి. మన ఇళ్లలో పిల్లలకు చదువు తప్ప మరో బరువు తెలియనివ్వం. ప్రేమ కొద్దీ చేసే పనే అది. బోరు కోసం తెచ్చిన అప్పు ఇంకా తీరలేదనీ, నీ గాజులు తాకట్టులోనే ఉన్నాయనీ వాడికి తెలియదు. ఉద్యోగంలో చేరాక ఇవన్నీ ఒక్కొక్కటీ బయటపడితే, అందరూ తన జీతం కోసమే కాచుకుని కూర్చున్నారని అనిపిస్తుంది. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ చూశాను, కొత్తగా కొలువు దొరికిన పిల్లలు అప్పు దరఖాస్తు పట్టుకుని వచ్చేవారు. ఇంట్లో బాకీ ఎంత ఉందని అడిగితే చాలామంది బిక్కమొహం వేసేవారు. పాస్‌బుక్కులు, తాకట్టు రసీదులు, కమీషన్ ఏజెంటు రాసిచ్చిన చీటీలు ఒకరోజు మంచం మీద పరిచి, వాడి చేతే కూడించండి. ఏది మీరు తీర్చుకుంటారో, దేనికి వాడి సాయం కావాలో, ఎన్నాళ్లు కావాలో అంకెతో చెప్పండి. ‘నీ కోసం ఇంత చేశాం’ అనే మాట మాత్రం నోట రానీయకండి. ఆ మాట విన్న పిల్లలు డబ్బు పంపుతారు కానీ ఇంటికి రావడం తగ్గిస్తారు.

జీతం సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేలని నువ్వు మురిసిపోతూ చెప్పావు. నెలకు 35,000 అని బంధువులందరూ అప్పుడే లెక్క కట్టేసి ఉంటారు. అందులో మూల వేతనం సగం, అంటే 17,500 అనుకో. దాని మీద 12 శాతం, 2,100 రూపాయలు, కంపెనీ తన వంతుగా పీఎఫ్‌లో వేస్తుంది. అదీ ఆ 35,000లోనిదే. ఉద్యోగం విడిచేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద మరో 840 దాకా పక్కన పెడుతుంది. ఆపైన వాడి వంతు పీఎఫ్ 2,100, వృత్తి పన్ను 200 పోతాయి. చేతికొచ్చేది ముప్పై వేలకు కాస్త తక్కువే. పనితీరు చూసి ఏడాది చివర ఇచ్చే మొత్తాన్ని కూడా అందులో కలిపి చెప్పి ఉంటే ఇంకా తగ్గుతుంది. ఆఫర్ లెటర్ తెప్పించి ఇవన్నీ వాడి చేత చదివించు. పీఎఫ్ డబ్బు పోయినట్టు కాదు, అది వాడిదే. ఉద్యోగం మారినప్పుడల్లా తీసి ఖర్చు పెట్టేయకుండా కొత్త కంపెనీకి మార్పించుకోవాలని ఇప్పుడే చెప్పు.

బావ వాళ్ల అచ్చంపేట వైపు ఊళ్ల నుంచి ఆనకట్టలు కట్టడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల సంగతి మీ మామగారి నోట వినే ఉంటావు. మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని వెళ్లేవారు. ఆ బాకీ తీరేదాకా ఎంత అవమానపడినా పని వదిలి రావడానికి ఉండేది కాదు. తొలి జీతం అందకముందే వాయిదాల మీద బండి, ఖరీదైన ఫోను కొన్న కుర్రాడి పరిస్థితీ ఇంతే. పై అధికారి అన్యాయంగా తిట్టినా రాజీనామా చేసే ధైర్యం ఉండదు. ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండేదాకా వాడిని ఏ వాయిదా జోలికీ పోనివ్వొద్దు.

ఇక జామీను, అంటే ఇంకొకరి అప్పుకు హామీ సంతకం. కొలువు దొరికిన మనిషిని ఊరు ముందుగా అడిగేది ఇదే. చిట్టీ పాడుకున్నవాళ్లు, అప్పు కావలసిన స్నేహితులు ‘ఒక్క సంతకమే కదా’ అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీను పెట్టినవాడికీ అంతే. ముందు అతన్ని అడిగి, అతను కట్టకపోతేనే నా దగ్గరికి రండి అనే వీలు లేదు. సహోద్యోగి చిట్టీకి సంతకం పెట్టిన ఒక ఉపాధ్యాయుడికి సరిగ్గా కూతురి పెళ్లి నెలలో జీతంలో కోత మొదలైంది. నా బల్ల ముందు కూర్చుని ఆ నోటీసును మడుస్తూ విప్పుతూ ఉండిపోయాడు. అప్పు తీసుకున్నవాడు అప్పటికే ఊరు విడిచి వెళ్లాడు. అల్లుడికి మొహమాటం ఎక్కువ, కాదనలేడు. ‘సంతకం పెట్టనని మా మామయ్యకు మాట ఇచ్చాను’ అని చెప్పమను. తిట్టుకుంటే నన్నే తిట్టుకుంటారు.

మేనకోడలి విషయం వేరు. అది ఇక్కడ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేస్తూ గ్రూప్-1 రాస్తానంటోంది. రాయనివ్వు, తెలివైన పిల్ల. కష్టపడితే ఫలితం తప్పదని మాత్రం దానికి చెప్పకు, అది నిజం కాదు. 2022లో వచ్చిన గ్రూప్-1 నోటిఫికేషన్ గుర్తుందా? ఆ అక్టోబరులో ప్రిలిమ్స్ జరిగింది, ప్రశ్నపత్రం బయటికి పొక్కిందని 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే, హైకోర్టు తీర్పుతో అదీ రద్దు. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్‌నే ఉపసంహరించి 563 పోస్టులకు కొత్తది ఇచ్చారు. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లున్న అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ల తరబడి చదివిన పిల్లల తప్పు ఇందులో రవ్వంత లేదు. అయినా పోయిన కాలం వాళ్లదే. కాబట్టి ఎన్నేళ్లు ప్రయత్నించాలో, ఆలోగా తన ఖర్చుకు ఏ పని చేసుకోవాలో ముందే దానితో కూర్చుని నిర్ణయించుకోండి. ఉద్యోగం రాకపోయినా దాన్ని చేతకానిదానిగా చూడబోమని గట్టిగా చెప్పండి. ఇంకో మాట, వాడికైతే ఎన్నేళ్లు ఇచ్చేవారో దానికీ అన్నే ఇవ్వండి. పెళ్లి సంబంధం వచ్చిందని మధ్యలో పుస్తకాలు మూయించడం నాకు ఒప్పుదల కాదు. బావ ఏమనుకున్నా సరే.

ఇదంతా చదివి, పిల్లలను ఇప్పటి నుంచే భయపెట్టడమెందుకని నీకు అనిపించవచ్చు. మీ బత్తాయి తోటనే చూడు. పూతకు ముందు కొన్ని వారాలు నీళ్లు ఆపి బెట్టకు పెడతారు, అప్పుడే చెట్టంతా ఒక్కసారిగా పూస్తుంది. అలాగని ఎన్నాళ్లు ఆపాలో తెలియనివాడి చేతిలో చెట్టే ఎండిపోతుంది. వాడు మొదటి నెలల్లో ఫోను చేసి ఏడిస్తే ‘అందరూ పడేదే’ అని కొట్టిపారేయకు. వచ్చేయమని వెంటనే పిలవనూ వద్దు. పూర్తిగా విను, తిన్నాడో లేదో అడుగు, పై ఆదివారం బావను పంపు. నిద్ర లేదనో, బతకాలని లేదనో అన్నాడా, ఆ రాత్రే బస్సెక్కి వెళ్లండి. ఏ ఉద్యోగమూ వాడికంటే ఎక్కువ కాదు.

ఈ నెల ఇంటి ఖర్చు వాడి చేతికే ఇవ్వు. పాలవాడి లెక్క, కరెంటు బిల్లు, మందులు, వచ్చే పెళ్లిళ్లలో చదివింపులు అన్నీ వాడే చూసుకోవాలి. నడుమ డబ్బు అయిపోతే నువ్వు తీసి ఇవ్వకు, ఎక్కడ తగ్గించాలో వాడినే తేల్చనివ్వు. వచ్చే ఆదివారం నేను దేవరకొండ వస్తున్నాను. గాజుల రసీదు తీసి ఉంచు, వడ్డీ ఎంతైందో వాడితో కలిసి చూస్తాను. జామీను మాట కూడా అప్పుడే తీసుకుంటాను.

ఇట్లు,
మీ అన్నయ్య