ఉప్పు తగ్గించమంటే నాన్నగారు కొట్టిపారేస్తున్నారు, అమ్మగారు హడలిపోతున్నారు: సమాధానం

ఇద్దరికీ ఒకే హెచ్చరికను, ఒకే తీరులో వినిపించడమే దీనికి కారణమని నా అభిప్రాయం. రక్తపోటు ఉన్న నాన్నగారు "మా తాత రోజూ ఆవకాయ తినే తొంభై ఏళ్లు బతికాడు" అంటున్నారనీ, ఏ జబ్బూ లేని అమ్మగారు పచ్చళ్లన్నీ మానేశారనీ మీరు రాశారు.

1. ముందు కొలత చెప్పండి. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పచ్చళ్లు, అప్పడాలలో ఉన్నదానితో కలిపి అది సుమారు ఒక టీస్పూను. ఇది నిషేధం కాదు, హద్దు అని తెలిస్తే అమ్మగారు కుదుటపడతారు.

2. చాలామంది మరిచిపోయేది ఇదే: ప్రమాదం చెప్పిన వెంటనే, చేయగలిగిన ఒక చిన్న పని కూడా చెప్పాలి. భయం పెరిగి, తప్పించుకునే దారి కనబడనప్పుడు మనిషి ప్రమాదాన్ని వదిలి, ఆ భయాన్నే అణచుకోవడానికి ప్రయత్నిస్తాడని 1992లో కమ్యూనికేషన్ పరిశోధకురాలు కిమ్ విట్టే ప్రతిపాదించిన నమూనా వివరిస్తుంది. అందుకే నాన్నగారిది మొండితనమని నేను అనుకోను. "ఆవకాయ మానండి" అనకుండా, "మజ్జిగలో ఉప్పు వద్దు, పచ్చడి ఒక్క పూటే" అనండి. ఆ పూట ఏదో ఆయననే ఎంచుకోనివ్వండి.

3. ఉప్పు ఎక్కువైతే పక్షవాతం వస్తుందని భయపెట్టే వీడియోలు ఇద్దరికీ ఇక పంపకండి; అవి భయాన్నే పెంచుతాయి.

4. మామూలు ఉప్పుకు బదులు దొరికే, సోడియం తగ్గించిన ఉప్పులో సాధారణంగా పొటాషియం ఉంటుంది; మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ, కొన్ని రక్తపోటు మందులు వాడేవారికీ అది హాని చేయవచ్చు కనుక, కొనే ముందు నాన్నగారి డాక్టరును తప్పక అడగండి.