తొడ ఎముక విరిగిన పిల్లలకు ఆపరేషన్ లేనప్పుడు కూడా గజ్జలో మత్తు ఇంజెక్షన్ అవసరమా?

మీ అబ్బాయికి ఐదేళ్లని, తొడ ఎముక నడిమధ్యన విరిగిందని, ఆపరేషన్ లేకుండా కొన్నాళ్లు కాలికి బరువు కట్టి ఆ తరువాత నడుము దాకా సిమెంటు కట్టు వేస్తామని డాక్టర్లు చెప్పారని రాశారు. అయితే ముందుగా గజ్జలో మత్తు ఇంజెక్షన్ ఇస్తామనేసరికి భయపడుతున్నారు. కోత లేనప్పుడు మత్తెందుకన్నది మీ ప్రశ్న. నేను డాక్టరును కాను. కానీ నాలుగేళ్ల క్రితం మా అమ్మాయి విషయంలో ఇదే ప్రశ్న నేనూ అడిగాను కాబట్టి, అప్పుడు చూసిందీ తెలుసుకున్నదీ చెబుతాను.

ఇంటి ముందున్న ఇనుప గేటు ఊడి మా అమ్మాయి కాలి మీద పడింది. అప్పటికి తనకు నాలుగేళ్లు, బరువు 15 కిలోలు. మొదట తీసుకెళ్లిన చోట నొప్పి తగ్గడానికి సరైన మందేమీ ఇవ్వకుండానే కాలు లాగి బద్ద కట్టబోయారు. పిల్లను కదలకుండా పట్టుకోమని మమ్మల్నే అడిగారు, మేమూ పట్టుకున్నాం. ఆ పని చేసినందుకు నేటికీ బాధపడుతున్నాను, ఎందుకంటే దాని అవసరమే లేదని ఆ రాత్రే రెండో ఆసుపత్రిలో తెలిసింది.

అక్కడి మత్తు డాక్టరు చెప్పిన మాట ఇది. తొడలో ఉన్నవి చాలా బలమైన కండరాలు. ఎముక విరగగానే అవి బిగుసుకుని, విరిగిన కొసలను ఒకదాని మీదికి ఒకటి లాగుతాయి. కొసలు రాసుకున్నకొద్దీ నొప్పి, నొప్పి పెరిగినకొద్దీ బిగువు. తొడ ముందు భాగానికీ, ఆ ఎముక మధ్య భాగానికీ స్పర్శను మోసే ప్రధానమైన నరం గజ్జలో రక్తనాళం పక్కనే, వెలుపలి వైపున ఉంటుంది. దాని చుట్టూ మందు చేరితే నొప్పి ఆగడమే కాక ముందు కండరం కూడా సడలుతుంది. అప్పుడు కాలును నిటారుగా ఉంచడం, ఎక్స్‌రేకు తిప్పడం, బరువు కట్టడం పిల్లను ఏడిపించకుండా చేయవచ్చు. దీన్నే ఫిమోరల్ నెర్వ్ బ్లాక్ అంటారు. నరానికి కొంచెం దూరంగా, కండరం పైపొర కింద మందు వేసే ఫేషియా ఇలియాకా బ్లాక్ అనే మరో పద్ధతి కూడా ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన డాలెన్స్ బృందం 1989లోనే దాన్ని పిల్లల విషయంలో వివరించింది కాబట్టి, మీ అబ్బాయి మీద చేస్తున్న కొత్త ప్రయోగమేమో అనుకోనక్కరలేదు.

వెన్నులో ఇచ్చే ఇంజెక్షన్‌కూ దీనికీ సంబంధం లేదు. రెండో కాలు మామూలుగానే ఉంటుంది, పిల్లవాడు మెలకువగానే ఉంటాడు. నరం శాశ్వతంగా దెబ్బతినడం చాలా అరుదు. నిజంగా జాగ్రత్త పడవలసింది మందు మోతాదు విషయంలోనూ, అది పొరపాటున రక్తనాళంలోకి వెళ్లకుండా చూడడంలోనూ. మా అమ్మాయికి బ్యుపివకెయిన్ అనే మొద్దుబార్చే మందు కిలోకు 2 మిల్లీగ్రాముల లెక్కన 30 మిల్లీగ్రాములు, అంటే 0.25 శాతం మందు 12 మిల్లీలీటర్లు ఇస్తున్నామని డాక్టరు కాగితం మీద లెక్క వేసి చూపించారు. స్కానింగ్ తెర మీద నరాన్ని చూస్తూ, మధ్యమధ్య సూదిని వెనక్కి లాగి రక్తం రావడం లేదని నిర్ధారించుకుంటూ ఇచ్చారు. మోతాదు మించితే ఫిట్స్ రావచ్చు, గుండె లయ తప్పవచ్చు. అందుకు విరుగుడుగా వాడే లిపిడ్ ఎమల్షన్ అందుబాటులో ఉందా అని మీరు నిస్సంకోచంగా అడగండి. రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నా, గజ్జలో చర్మం మీద పుండు ఉన్నా ముందే చెప్పండి.

అరగంటలో మా అమ్మాయి ఏడుపు ఆగింది. కానీ మోకాలి మీద చేయి వేసి చూసుకుని, "ఇది నా కాలు కాదు" అని బెదిరిపోయింది. కాలు కాసేపు మొద్దుబారుతుందని, మళ్లీ మామూలవుతుందని ముందే చెప్పి ఉండవలసింది. మీరు తప్పక చెప్పండి.

మొద్దుబారితే ప్రమాదం తెలియదేమోనన్న అనుమానం సరైనదే. అందుకే ఇంజెక్షన్‌కు ముందే పాదం కదలికనూ స్పర్శనూ చూసి రాసుకోవాలి. పాదాన్ని కదిలించేది వేరే నరం కాబట్టి, తొడ మొద్దుబారినా పిల్లవాడు వేళ్లు ఆడించగలగాలి. వేళ్లు చల్లబడినా, పాలిపోయినా, మత్తు ఉండగానే నొప్పి పెరుగుతున్నా వెంటనే పిలవాలి. మడమ ఒరుసుకుపోకుండా గంటగంటకూ చూడాలి.

విరిగిన ఎముకకు నాటు కట్టు కట్టించడానికి పుత్తూరు తీసుకెళ్లమని మా ఇంట్లో పెద్దవాళ్లు గట్టిగానే అన్నారు. ఆ కట్టు మీద వాళ్లకున్న నమ్మకాన్ని నేను తక్కువ చేయను. కానీ తొడ ఎముక విరిగిన పిల్లను, నొప్పి ఆపకుండా, గంటల తరబడి కారులో కుదుపుల మధ్య తీసుకెళ్లడానికి మాత్రం ఒప్పుకోలేదు.

మూడు రోజుల తరువాత సిమెంటు కట్టు వేసేటప్పుడు పిల్ల కదలకూడదు కాబట్టి పూర్తి మత్తు ఇచ్చారు. గజ్జలో ఇంజెక్షన్ దానికి బదులు కాదు. కట్టు ఆరు వారాలుంది. ఎముక ఒక సెంటీమీటరు పొట్టిగా అతుక్కుందని దిగులు పడ్డాం గానీ, ఈ వయసులో విరిగిన ఎముక తరువాత కొంచెం ఎక్కువగా పెరుగుతుందని డాక్టరు చెప్పినట్టే జరిగింది.

మేము చేసిన పొరపాటు ఒకటుంది. ఇంజెక్షన్ రాత్రి ఎనిమిదింటికి ఇచ్చారు. పిల్ల హాయిగా నిద్రపోతోంది కదా అని, నర్సు తెచ్చిన పారాసిటమాల్ సిరప్‌ను లేపి పట్టించనివ్వలేదు. మూడింటికి మత్తు దిగిపోయి, నొప్పి ఒక్కసారిగా తిరగబడింది. సిరప్ తాగించి అది పనిచేసే దాకా పిల్ల ఏడుస్తూనే ఉంది. కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చిన వేళ రాసిపెట్టుకోండి, ఎన్ని గంటలు పనిచేస్తుందో అడగండి, అది దిగకముందే నొప్పి మందు ఎన్నింటికి ఇవ్వాలో నర్సు చేత చెప్పించుకుని, ఆ వేళకు నిద్రలో ఉన్నా లేపి పట్టించండి.