దుమ్ములగొండి ఎవరి చుట్టం?

విశాఖపట్నం

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది. కానీ మూడో పేరాలో ‘కుక్క జాతికి చెందిన దుమ్ములగొండి’ అన్నావు, ఆ మాట తీసెయ్. అలా పొరబడింది నువ్వొక్కదానివే కాదు, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కూడా 1758లో చారల దుమ్ములగొండిని కుక్కల ప్రజాతిలోనే (దగ్గరి జాతుల గుంపులో) చేర్చి ‘కేనిస్ హయేనా’ అని పేరు పెట్టాడు. నిజానికి కుక్క, పిల్లి లాంటి కుటుంబాలన్నీ చేరే మాంసాహారుల క్రమంలో కుక్క పక్షం, పిల్లి పక్షం అని రెండున్నాయి. దుమ్ములగొండి పిల్లి పక్షంది. దానికి బాగా దగ్గర చుట్టం ముంగిస.

రూపం చూసి చుట్టరికం కలపకు. పరుగెత్తి వేటాడే బతుకు, ఎముకలు కొరికే బతుకు వేర్వేరు కుటుంబాలకు ఒకే రకం ఒళ్లు తెచ్చిపెడతాయి. పుర్రె అడుగున చెవి దగ్గర బుడగలా ఉబ్బిన ఎముక చూడు. పిల్లి పక్షంలో దాని లోపల సాధారణంగా ఒక అడ్డగోడ ఉండి రెండు గదులవుతుంది. ఆఫ్రికాలోని నందీనియా అనే జంతువుకు ఆ బుడగ పూర్తిగా ఎముకగా గట్టిపడదు. పునుగుపిల్లిలా కనబడ్డా దాన్ని వేరే కుటుంబంగా ఉంచడానికి అదొక కారణం.

పళ్లు ఇంకా బాగా చెబుతాయి. మాంసం కత్తిరించే పెద్ద పన్నును గుర్తుపట్టు. కుక్క ఎముకను ఆ పన్నుకు వెనకున్న దంతాలతో నలుపుతుంది. దుమ్ములగొండి ముందున్న లావుపాటి, శంకువుల్లాంటి దంతాలతో పగలగొడుతుంది. అందుకే కత్తెర పన్ను అరిగిపోకుండా మిగులుతుంది. మనవాళ్లు ఎముకను దుమ్ము అని, ఈ జంతువును దుమ్ములగొండి అని అన్నారు. ‘హైనా’ తీసి ఈ పేరే వాడు.

పునుగుపిల్లి, మానుపిల్లి పేర్లు మాత్రం తప్పుదారి పట్టిస్తాయి. తిరుమల శ్రీవారి పునుగు తైలం గురించి రాసినా సరే, ‘పిల్లి’ అని ఉన్నంత మాత్రాన అది పిల్లి కుటుంబం కాదని ఒక వాక్యం చేర్చు.

బొమ్మలో చెట్టు ఇలా గియ్యి. అడుగున మొదటి కొమ్మ నందీనియా. దానిపైన పిల్లులు, వాటి పక్కనే లిన్సాంగ్‌లనే సన్నటి ఆసియా అడవి జంతువులు. ఆ తర్వాత పునుగుపిల్లుల కొమ్మ. చివర మిగిలిన కొమ్మ రెండుగా చీలుతుంది: ఒకవైపు దుమ్ములగొండ్లు, మరోవైపు ముంగిసలు, మడగాస్కర్ మాంసాహారులు. ఆ మడగాస్కర్ జంతువుల్లో ఒకటైన ఫోసా పిల్లిలా ఉన్నా ముంగిసల చుట్టమే. మడగాస్కర్ మాంసాహారులన్నీ ఒకే పూర్వీకుడి సంతతి అని 2003లో డీఎన్ఏ చూపింది.

‘ముంగిస నుంచి దుమ్ములగొండి పుట్టింది’ అని ఎక్కడా రాయకు. రెండింటికీ ఒక పూర్వీకుడు ఉన్నాడు, అది ముంగిసా కాదు, దుమ్ములగొండీ కాదు. తొలి దుమ్ములగొండ్లు చిన్నవి, పునుగుపిల్లి పోలిక. తర్వాత కుక్కల్లా పరుగెత్తేవీ, ఎముకలు పగలగొట్టేవీ వచ్చాయి. పరుగెత్తేవాటిలో ఇప్పుడు అంతరించిన కాస్మాపోర్తీటిస్ ఒక్కటి మాత్రం ఉత్తర అమెరికా దాకా వెళ్లింది. ఇప్పుడు మిగిలినవి నాలుగే: చుక్కలది, చారలది, గోధుమ రంగుది, చెదలు తిని బతికే ఆర్డ్‌వుల్ఫ్.

ముంగిస శాస్త్రీయ నామమూ మార్చాలి. నువ్వు ‘హెర్పెస్టెస్ ఎడ్వర్డ్సై’ అన్నావు. ఆసియా ముంగిసలను ఇప్పుడు ‘ఉర్వా’ ప్రజాతిలో చేరుస్తున్నారు. కొత్త పేరు ‘ఉర్వా ఎడ్వర్డ్సై’ రాసి, పాత పుస్తకాల్లో వెతికేవాళ్ల కోసం పాతది ఒక్కసారి చెప్పు. ఆ జాతికి మొదట పేరు పెట్టిన ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త జోఫ్రువా పేరు, 1818 సంవత్సరం బ్రాకెట్లలో ఉండాలి. ఆయన దాన్ని మరో ప్రజాతి పేరుతో వర్ణించాడు కాబట్టి అది నియమం.

పాము, ముంగిస పోట్లాటతో మొదలుపెట్టకు. అందరూ అక్కడే మొదలుపెడతారు.

ఆదివారం మన కంబాలకొండ పక్క జూకి వెళ్లి చారల దుమ్ములగొండి దగ్గర అరగంట నిలబడు. ముందు కాలి వేళ్లు లెక్కపెట్టు, నాలుగే ఉంటాయి. తిరిగొచ్చేటప్పుడు వీధి కుక్క ముందు కాలు చూడు, లోపలివైపు కాస్త పైన అయిదో గోరు కనిపిస్తుంది. చూసినవి రెండూ మూడో పేరాలో రాసి, చెట్టు బొమ్మతో కలిపి పంపు.

ఆశీస్సులతో