చిన్న కంపెనీ సర్వర్ల మానిటరింగ్‌కు, లాగ్‌లకు ఏ టూల్ తీసుకోవాలి?

పదిహేను సర్వర్లున్న కంపెనీకి డబ్బు కట్టి వాడే మానిటరింగ్ సర్వీసు డేటాడాగ్ కొనాలా, లేక ఉచితంగా దొరికే ప్రొమీథియస్ (మెట్రిక్స్ పోగుచేసేది), గ్రఫానా (వాటిని గ్రాఫుల్లో చూపేది) సొంతంగా పెట్టుకోవాలా అని అడిగారు కదా. నా ఓటు రెండోదానికే, కానీ వాటిని చూసుకునే మనిషి ఒకరుంటేనే.

మెట్రిక్స్ అంటే అంకెలు, సీపీయూ ఎంత వాడుతోంది, నిమిషానికి ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయి అన్నవి. లాగ్ అంటే ఏం జరిగిందో ప్రోగ్రామ్ రాసిపెట్టిన లైను, '10:42కి పేమెంట్ టైమౌట్' లాంటిది. జేబుకు చిల్లు పెట్టేది ఎక్కువగా ఈ లాగ్‌లే. డేటాడాగ్‌లో సర్వర్ల లెక్క వేరు, పంపిన లాగ్‌కు జీబీ లెక్కన ఒక చార్జీ, వెతకడానికి వీలుగా ఇండెక్స్ చేసినందుకు ఇంకో చార్జీ. శుక్రవారం సాయంత్రం ఎవరైనా డీబగ్ మోడ్ (ప్రతి చిన్న విషయాన్నీ లాగ్‌లో రాసే సెట్టింగ్) ఆపడం మర్చిపోయారంటే సోమవారానికి బిల్లు చూసి టెన్షన్ మొదలవుతుంది.

సొంతంగా పెట్టుకుంటే లాగ్‌లకు 'లోకి' (Loki) అనే టూల్ చూడండి. ఇదే పనికి వాడే ఇంకో టూల్ ఎలాస్టిక్‌సెర్చ్, లాగ్‌లో ప్రతి మాటనూ ఇండెక్స్ చేస్తుంది కాబట్టి ఏ మాటైనా చటుక్కున దొరుకుతుంది, కానీ మెమరీ, డిస్క్ బాగా తింటుంది. 'లోకి' అయితే లేబుళ్లను (ఏ సర్వర్‌ది, ఏ ప్రోగ్రామ్‌ది అన్న గుర్తులను) మాత్రమే ఇండెక్స్ చేస్తుంది, అందుకే చవక, పాత లాగ్‌లు వెతకాలంటే మాత్రం కాస్త ఓపిక పట్టాలి.

అమెజాన్ క్లౌడ్‌లోని మానిటరింగ్ సర్వీసు క్లౌడ్‌వాచ్ వాడుతుంటే లాగ్‌లు ఎన్నాళ్లు ఉంచాలో గడువు మీరే పెట్టండి, పెట్టకపోతే లాగ్‌లు ఎప్పటికీ చెరగవు. అలాగని మరీ తగ్గించకండి, 2022లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం మన దేశంలో కంపెనీలు 180 రోజుల లాగ్‌లు దాచాలి.